పెట్రోలు కారుతున్న గడ్డి కోసే బండి

అన్నయ్యా, నేను డ్యూటీకి వెళ్తున్నా. గడ్డి కోసే బండి ఇవాళ స్టార్ట్ చెయ్యకు. షెడ్డులో అగ్గిపుల్ల కూడా గీయకు. పొద్దున్నే తలుపు తీస్తే పెట్రోలు వాసన గుప్పుమంది. ట్యాంకు కింద ఉన్న పెట్రోలు ట్యాపు కట్టేసి, బండి కింద అట్టముక్క పరిచాను. నువ్వు లేచేసరికి అట్ట పొడిగా ఉంటే, ట్యాపు తర్వాతి రబ్బరు పైపు పగిలినట్టే. అది మార్చు. తడిసి ఉంటే ట్యాంకో ట్యాపో కారుతున్నట్టు; ముట్టుకోకు, మెకానిక్‌ని పిలుద్దాం.

జ్వరం తగ్గినప్పటినుంచీ నీకు వాసన తెలియడం లేదని నాతో ఒక్క మాటైనా అనలేదేం? నిన్న కూర మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నావు. అప్పుడే అర్థమైంది.

బయట మంచులో కాసేపు అలాగే నిలబడిపోయాను. నువ్వు నిన్న కోసిన గడ్డి వాసన, ఇంకా నిద్ర తీరనట్టు, నేలంతా పరుచుకుని ఉంది. ఆ వాసన ఎలా ఉందో సాయంత్రం వచ్చి చెబుతాలే.