చిన్ని ఎడమ చేయి

మంగళవారం, రాత్రి

ఈ రోజు మా చిన్ని మొదటిసారి ‘అ’ రాసింది. ఎడమ చేత్తో రాసింది.

జూన్‌లో దాన్ని స్కూల్లో చేర్చాలి. అందుకే అత్తయ్య కాకినాడ నుంచి వచ్చినప్పటి నుంచీ రోజూ అక్షరాలు దిద్దిస్తున్నారు. ముప్పయ్యేళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషి. చిన్ని ఎడమ చేత్తో బలపం పట్టుకుంటే చాలు, తీసి కుడి చేతిలో పెడతారు. వారం నుంచి పలక కనిపిస్తే చిన్ని మంచం కింద దూరుతోంది. వద్దని చెప్పాలని రోజూ అనుకుంటాను, చివరికి వంటింట్లోకి వెళ్లిపోతాను.

సాయంత్రం కోకాపేట ఆఫీసు నుంచి వచ్చేసరికి మళ్లీ అదే గొడవ. చిన్ని ఏడుస్తూనే బలపం తీసి అత్తయ్య ఎడమ చేతిలో పెట్టింది.

“నువ్వు ఈ చేత్తో రాయి నానమ్మా, చూస్తా.”

అత్తయ్య నవ్వుతూ మొదలుపెట్టారు. ‘అ’ సగం తిరిగేసరికి వేళ్లు మొరాయించాయి, బలపం విరిగింది. ఆ వంకర గీత చూసి చిన్ని ఏడుపు మరిచిపోయి పకపకా నవ్వింది. అత్తయ్య మాత్రం పలక వైపే చూస్తూ ఉండిపోయారు.

“ఇంత కష్టపెడుతున్నానా తల్లీ నిన్ను?” అంటూ విరిగిన ముక్కను దాని ఎడమ చేతికే ఇచ్చారు.

‘అ’ పలకంతా వచ్చింది. కాస్త పక్కకు ఒరిగింది గానీ, అచ్చంగా ‘అ’. ముగ్గురం చప్పట్లు కొట్టాం.

అంత సంతోషంలోనూ నాకు దిగులు పుట్టింది. “స్కూల్లో టీచర్ చెయ్యి మార్చమంటే ఎలా అత్తయ్యా?” అన్నాను.

“నేనొస్తానుగా. ముందు ఆవిడ చేత ఎడం చేత్తో ఒక ‘అ’ రాయిస్తాను” అన్నారు.