పదకొండు జతల ఎడమ చేతులు

నలభై ఒక్క ఏళ్లుగా కోట్లు కత్తిరిస్తున్న దర్జీనైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు మతిమరుపు జబ్బు మొదలైందనీ, ఆస్తి గురించి నిర్ణయించుకునే తెలివి మాత్రం చెక్కుచెదరలేదనీ నరాల డాక్టరు ఈ ఉదయమే పరీక్షించి రాసిచ్చారు. ఆ కాగితం దీనికి జతచేశాను. నా తమ్ముడు కోర్టుకెక్కేముందు దాన్ని చదువుకోవాలి.

1. దుకాణం, రెండు మిషన్లు, కత్తిరింపు బల్ల మా దగ్గర కాజాలు కుట్టే ఆవిడకు చెందాలి. ఒకే మనిషి నడుం కొలత మూడుసార్లు అడిగాననీ, కత్తెర అనే మాట దొరక్క "ఆ కోసేది ఇటివ్వు" అన్నాననీ నా మొహం మీదే చెప్పింది ఆవిడొక్కతే. ఆవేళ ఆవిడ మీద అరిచాను. వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు తనే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది. అరిచినందుకు ఇక్కడ క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఎదురుగా చెప్పడం నాకు చేతకాలేదు.

2. దుకాణంలో నాతోపాటే కుట్టే తమ్ముడికి, అటక మీది ట్రంకుపెట్టె, అందులోని పదకొండు జతల కోటు చేతులు. ఒక చెయ్యి కత్తిరించాక కాగితపు నమూనా తిరగేసి రెండోది కత్తిరించాలి. తిరగేయడం మర్చిపోతే రెండూ ఎడమవే అవుతాయి. పని కొత్తవాళ్లు చేసే తప్పది. నేను పదకొండుసార్లు చేశాను. ప్రతిసారీ వాడు నాకు చెప్పకుండా వేరే గుడ్డ కత్తిరించి కోటు పూర్తిచేశాడు, పాడైన జతకు తేదీ చీటీ కుట్టి దాచాడు. పెట్టె తెరిచిన రోజు, అన్న పరువు కాపాడాడనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అడుగున, ఆ చేతుల్నే సాక్ష్యంగా చూపిస్తూ వాడు కోర్టుకు రాసిపెట్టుకున్న అర్జీ కనబడింది. మా అన్నకు మతి లేదు, దుకాణం నాకు అప్పగించండి అని.

మొదటి చీటీ పద్నాలుగు నెలల కిందటిది. అప్పుడే వచ్చి ఉంటే మందులు అప్పుడే మొదలుపెట్టేవాళ్లమని డాక్టరు అన్నారు. నా పద్నాలుగు నెలలు మింగినవాడికి ఆ చేతులే ఆస్తి. తొడుక్కుని ఊరేగమనండి.

3. ఇల్లు కూతురికి. నేను కుట్టిన మొట్టమొదటి చొక్కా బీరువాలో ఉంది, తమ్ముడి ఆరో ఏట వాడి కోసమే కుట్టాను. అదీ నువ్వే ఉంచుకో తల్లీ. వాడు అడిగినా ఇవ్వకు.

4. నా కోపాన్ని కూడా కూతురికే రాస్తున్నాను. వాడి పేరు కంటే ముందు వాడు చేసింది మర్చిపోతానని నా భయం. ఏదో ఒక రోజు వాడు నవ్వుతూ వస్తాడు. నేను సంబరంగా పక్కన కూర్చోబెట్టుకుని, తిన్నావురా అని అడుగుతాను. అప్పుడు నన్ను సరిదిద్దకు. వాణ్ని కూర్చోనియ్యి. కలం మాత్రం నా చేతికి అందనియ్యకు. ఈ తేదీ తర్వాత వాడికి అనుకూలంగా ఏ కాగితం మీద నా సంతకం కనబడినా, అది పన్నెండో జత.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం. క్యాలెండరు చూడకుండా రాశాను. సరిపోయింది.

సంతకం: (దర్జీ)

సాక్షులు: నరాల డాక్టరు, దుకాణం ఎదుటి మందుల షాపు యజమాని