హన్నా గెలవని బంగారం

జులై 4, శుక్రవారం

పొద్దున్నే సెక్రటరీ ఫోన్. "మేడం, జర్మనీ మేడంకు సన్మానం పెడుతున్నం. ఆమె ఇంగ్లీషుల మాట్లాడితే మీరు తెలుగుల చెప్పాలె." హన్నా వచ్చి మూడు నెలలు. మా పిల్లలకు నాతో కలిసి పోల్ వాల్ట్ నేర్పుతోంది. ఇన్నాళ్ళలో ఒక్కసారి గ్రౌండు మొహం చూడని అథ్లెటిక్స్ సంఘం సెక్రటరీ, శాలువా అనేసరికి లేచి కూర్చున్నాడు. పోల్ ఏ చివర పట్టుకుంటారో కూడా తెలియదు ఈయనకు.

జులై 5

మా పిల్లల్లో మమత బరువు పెరిగింది. పెరగాలి కూడా, ఎదిగే పిల్ల. పోల్ మాత్రం పాతదే. ఎగిరే మనిషి బరువును బట్టి పోల్ ఉండాలి — తక్కువ బరువుకు చేసింది వాడితే గాల్లో ఉండగా విరగొచ్చు. ఇవాళ అది వంగిన తీరు చూసి హన్నా కేక పెట్టింది. ప్రాక్టీసు ఆపించేసింది. "ఇంకొక్కసారి ఎగురుత అక్క, ఏం గాదు..." ఏమీ కాకపోతే మంచిదే. అయితే?

కొత్తది కావాలని సెక్రటరీని ఎప్పటినుంచో అడుగుతున్నాను. "చూద్దాం మేడం." ఈ రెండు ముక్కలతోనే గడిచిపోతోంది ఆయనకు.

జులై 8

చూశారట! హైదర్‌గూడ బిల్డర్ ఒకాయన పోల్ ఇప్పిస్తాడట. సన్మానం ఆయన చేతుల మీదుగా జరగాలి, ఫోటో పేపర్లో రావాలి. కప్పనీ. రోజూ సన్మాన సభలు జరిగే చిక్కడపల్లిలో శాలువా పడని భుజం ఇంకా మిగిలి ఉందంటే ఆశ్చర్యమే.

జులై 11

నారాయణగూడ చౌరస్తాలో ఫ్లెక్సీ. బిల్డర్ ముఖం ఇంత. హన్నా ముఖం బొట్టుబిళ్ళంత. కింద 'ఒలింపిక్ స్వర్ణ పతక విజేత'.

సెక్రటరీకి ఫోన్ చేశాను. ఆమెకు ఏ పతకమూ లేదండీ అన్నాను. "బంగారం అంటెనే సార్ ఒప్పుకున్నడు మేడం. ఇప్పుడు ఎవలు చూస్తరు?"

ఎవలు చూస్తరు... ఒక మనిషి పదిహేనేళ్ళు ఎగిరితే, ఆ పదిహేనేళ్ళూ వీళ్ళకు ఫ్లెక్సీలో ఖాళీ జాగా.

హన్నాకు చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగింది — ఎవరి గురించి?

జులై 13, ఆదివారం

సభ అయింది. మైకు వదలని పెద్దమనుషులు. హాలు నింపడానికి అశోక్‌నగర్ హాస్టళ్ళ ఆడపిల్లల్ని తెచ్చారు. గ్రూప్స్ కోచింగ్ పిల్లలు. మమత ఉండేదీ వాళ్ళ మధ్యే. ముందు వరసలో ఒకమ్మాయి 'స్వర్ణం' అని రాసుకుంటోంది. కరెంట్ అఫైర్స్ అనుకుంది పాపం.

హన్నా లేచి తన కథ చెప్పింది. చిన్న ఊరు. తెల్లవారుజామున బ్రెడ్ల దుకాణంలో పని, తర్వాత గ్రౌండు. రెండు ఆపరేషన్లు. ఒకే ఒక్క ఒలింపిక్స్. ఎంత ఎత్తు నుంచి మొదలుపెట్టాలో ఈ ఆటలో మనమే ఎంచుకోవచ్చు. తక్కువ ఎత్తులు తన స్థాయి కాదనుకుని వదిలేసింది. నేరుగా పెద్ద ఎత్తుకు దిగింది. ఇచ్చిన అవకాశాలన్నిట్లోనూ బార్ పడిపోయింది. ఏ ఎత్తూ దాటనట్టే లెక్క. నా దగ్గర పతకం లేదు, ఎప్పుడూ లేదు — అని నా వైపు చూసింది.

సెక్రటరీ కూడా చూశాడు. నోరు మూసుకోమన్నట్టు.

తెలుగులో చెప్పేశాను. ఉన్నదున్నట్టు. ఎంత హాయిగా ఉందో!

ఆ పిల్లలు చప్పట్లు... ఆపరే! ప్రిలిమ్స్ పోయి మళ్ళీ పుస్తకం తెరిచిన పిల్లలు. వాళ్ళకు ఎవరూ తర్జుమా చేయనక్కర్లేదు.

బిల్డర్ లేచాడు. "ఏమీ గెల్వనామెకు నాతోని శాలువా కప్పిస్తరా?" ఫోటోకు ఆగలేదు. అప్పటికే కప్పిన శాలువా మాత్రం తిరిగి అడగలేదు. అంత మర్యాద ఉంది.

జులై 14

పోల్ లేదు. సెక్రటరీ అన్నాడు — "మీ నిజాయితీని పట్టుకొని ఎగరమనుండ్రి ఆ పిల్లను."

ఆ అల్పుడి నోట అంత సరైన మాట రావడమే భరించలేకపోతున్నాను.

జులై 16

మమత ఇంటికొచ్చింది. ఆదివారం సెలెక్షన్లు. "ఈసారి కాకపోతె ఆటలు బంద్ చేసి గ్రూప్స్ చదువుకోమన్నడు మా నాయిన. పాతదానితోనే ఎగురుత."

వద్దన్నాను.

"మరి కొత్తది నువ్వు తెస్తవా అక్క?"

అన్నం పెట్టాను. తినలేదు.

జులై 17

సెక్రటరీ దారి చూపించాడు. హైదర్‌గూడ వెళ్ళి, తెలుగు చెప్పడంలో నేనే పొరపాటు చేశానని బిల్డర్‌తో అనాలట. "జర్మనీ మేడం గూడ ఒక్కమాట, గెలిచిన్నని చెప్తె సాలు. శనివారం పోల్ దిగుతది."

ఛీ.

హన్నాకు చెప్పాను. ఇద్దరం కలిసి ఆ బిల్డర్‌ను కడుపారా తిట్టుకోవచ్చని. ఆమె అడిగింది ఒక్కటే — ఆదివారం లోపు కచ్చితంగా వస్తుందా?

జులై 18

హన్నా ఉదయమే మా ఇంటికొచ్చింది. తెలుగులో చెబితే ఆయన ఇంకా సంతోషిస్తాడు కదా, నేర్పు అంది. నేను చచ్చినా నేర్పనన్నాను. అంతమంది ముందు ఒప్పుకున్నదాన్ని ఆ మూర్ఖుడి సోఫాలో కూర్చుని అబద్ధం చేసుకుంటావా అన్నాను. అరిచాను కూడా.

హన్నా గొంతు పెంచలేదు. ఆ పిల్ల మెడ విరిగితే నా నిజం ఎవరికి చూపించుకోను? అంది.

నేర్పాను. 'నేను... బంగారం... గెలిచాను.' గొంతులోంచి పలుకుతోంది ర. దిద్దాను. నేనే కూర్చుని దిద్దాను! ఇప్పుడు శుభ్రంగా వచ్చేసింది.

మమ్మల్ని హైదర్‌గూడ తీసుకెళ్ళడానికి కింద సెక్రటరీ కారు హారన్. హన్నా అప్పుడే మెట్లు దిగుతోంది, ఆ మాటే పైకి అనుకుంటూ. నేనింకా చెప్పులు వేసుకోలేదు.