కుండ పక్కన పెట్టిన మిషన్

వదినా, నేను కోదాడల మంచిగనే ఉన్న, ఫికరు పడకు. ఫోన్ల చెప్తే నవ్వి ఊకుంటవని కార్డు రాస్తున్న.

ఎండ కొలవనీకి మెడల కట్టుకొమ్మని నీకిచ్చిన చిన్న మిషన్ను మొన్న మా పరిశోధన ఆఫీసుల తెరిచి చూసినం. మిర్యాలగూడల నలభై నాలుగు డిగ్రీలుంటే మన త్రిపురారంల నీ మిషన్ల ముప్పై దాటలే. మిషన్ ఖరాబైందని సార్లు పరేషానైన్రు. నాకైతే నువ్వు యాదికొచ్చినవ్. ఖరీదుదని బట్టల సుట్టి నీళ్ల కుండ పక్కన పెట్టి, నువ్వు వడ్లు ఎండబోయ పోయినవ్ గదా?

ఇది చెప్తే సార్లు కోపం చెయ్యలే, మల్ల కొలుద్దామన్నరు. ఎండలు గిట్ల ముదురుడు భూమి వేడెక్కుడు వల్లనేనా అని పాత లెక్కలతోటి పోల్చి చూస్తున్నరు. కూలోళ్లకు తగిలే ఎండ సక్కగ తేలితే, వచ్చే ఎండకాలం మధ్యాహ్నం పని బందు పెట్టుమని అధికారులను అడుగుతరట. అయితదనే అనిపిస్తున్నది.

పాపకు జెరం తగ్గిందా? మామిడికాయ తొక్కు పెడితే నాకో సీసా పంపు. అన్నకు దండాలు. ప్రభువు మీ అందరికి తోడుండాలె.

మిషన్ను తమ్ముడు గోపి చేతికిచ్చి పంపుతున్న. ఈసారి దాన్ని నీడకు పెట్టి నువ్వొక్కదానివే ఎండల పోకు.

నీ ఆడబిడ్డ,
కృపారాణి