ముప్పై నాలుగో రూలు

జూన్ 18

ఇందుమూలముగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, లేడీస్ వెయిటింగ్ రూములోని ఒక కుర్చీ కాలు ఈ ఉదయం పరమపదించినది. కూర్చోబోయిన నేనూ దాదాపు దానివెంటే వెళ్లితిని.

యూనివర్సిటీ పెట్టి యాభై ఏళ్లట. ఆడపిల్లల్ని చేర్చుకోవడం ఇదే మొదలు. ఏడుగురు. నేను వాళ్ల ఆయాను. గంట కొట్టగానే కోడిపిల్లల్లా వెంటేసుకెళ్లి, లెక్చరర్ వెనకాలే క్లాసులోకి పంపాలి. అయ్యాక మళ్లీ గదికి తోలుకురావాలి. ఐదో క్లాసు చదివిన నేను, బి.ఎ. వాళ్లకు కాపలా!

జులై 9

లైబ్రరీలో ఆడపిల్లలు కూర్చోకూడదట. చీటీ రాసిస్తే నేను పుస్తకం తేవాలి. పరీక్షకు కావలసిన లావు పుస్తకాలేమో గడప దాటవు. ఏడుగురిలో పొడుగుపిల్ల వెళ్లి నిలదీసింది. మీరు కూర్చోవచ్చని రూలేదమ్మా అన్నాడు లైబ్రేరియన్. కూర్చోకూడదని ఎక్కడుంది సార్ అంది ఇది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. జవాబు అద్దాల మీద దొరుకుతుందనుకున్నాడు కాబోలు.

జులై 15

పిల్లలు రిజిస్ట్రారుకి అర్జీ పెట్టారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

జులై 22

మొదటి టర్ము పరీక్షలకు ఇంకా పదిహేను రోజులే. వీళ్లు పరీక్ష తప్పితే వచ్చే ఏడాది ఆడపిల్లల సీట్లు ఎత్తేస్తారని ఆఫీసులో గుసగుసలు. ఏడుగురూ లైబ్రరీ మెట్ల మీద, ఎండలో బైఠాయించారు. రానిచ్చేదాకా కదలరట. అందరికన్నా చిన్నదానికి ముక్కు కందిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

జులై 23

రిజిస్ట్రారు గదిలో దుమ్ము దులుపుతూ రూల్సు పుస్తకం తెరిచి చూశాను. ముప్పై నాలుగో రూలు: ఆయా పక్కనుంటే ఆడపిల్లలు లైబ్రరీలో కూర్చుని చదువుకోవచ్చు. తిన్నగా లైబ్రేరియన్ దగ్గరకెళ్లాను. అదేంటి సార్, ముప్పై నాలుగో రూలు మీరు చదవలేదా అన్నాను, నలుగురూ వినేలా. చదవకపోవడమేంటమ్మా, నాకు తెలీదా, పిల్లల్ని రమ్మను, అన్నాడు.

సాయంత్రం రిజిస్ట్రారు ఊడిపడ్డాడు. వీళ్లనెవరు రానిచ్చారని అరిచాడు. ముప్పై నాలుగు సార్, అన్నాడు లైబ్రేరియన్. రిజిస్ట్రారు గబగబా తలూపాడు. ఓ, అదా, అవునవును, అంటూ గొంతు సవరించుకుని పోయాడు. పొడుగుపిల్ల లావు పుస్తకం వెనక ముఖం దాచుకుంది. పుస్తకం ఊగుతోంది.

ఆగస్టు 29

ఏడుగురూ పాస్! పొడుగుపిల్లే ఫస్ట్. వచ్చే ఏడాది ఇరవై సీట్లట. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పారు, ముదనష్టపు పిల్లలు. నడుము పట్టేసింది.

సెప్టెంబర్ 12

రిజిస్ట్రారు రూల్సు పుస్తకం కొత్తగా అచ్చు వేయించాడు. ముప్పై నాలుగో రూలు ఉంది, నేను చెప్పినట్టే, పొల్లు పోకుండా.

ఎవరి కంటయినా పడుతుందేమోనని ఈ డైరీకి కూడా అబద్ధమే చెప్పాను. ఆ రోజు దుమ్ము దులుపుతూ నేను ఏ పుస్తకమూ తెరవలేదు.