పాత కంప్యూటరు పెద్ద డిస్కును ఒప్పుకున్న సంగతి

క్యాంప్ 1, భిలాయి.

తమ్ముడు సింహాచలానికి అప్ప నరసమ్మ దీవెనలు. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మరదలి మోకాలు నొప్పి తగ్గిందా? ఇక్కడ మేం బాగానే ఉన్నాం, నా గురించి బెంగపడకు. నేను చెబుతుంటే కోడలు పార్వతి రాస్తోంది. మెత్తగా మార్చకుండా అన్నది అన్నట్టు రాయమని ముందే చెప్పాను.

ముందు నీ సంగతి. నా వెనకాల మా రమణకి ఫోన్ చేసి, "షెడ్డు అమ్మీసి మీయమ్మని ఊరు పంపీరా" అన్నావట. పంపడానికి నేనేమైనా పార్సిలునా? జరిగింది విను, తర్వాత మాట్లాడు.

ఊరి పక్క హథ్‌ఖోజ్‌లో మీ బావ పెట్టిన షెడ్డు నువ్వు చూశావు. ఇనుప పలకల్ని గ్యాసు మంటతో కోసే యంత్రమే మా తిండి. మంట ఎటు తిరగాలో దానికి ఒక పాత కంప్యూటరు చెబుతుంది. యంత్రం తీగ ఆ కంప్యూటరుకే తగులుతుంది, కొత్తవాటికి తగలదు. రైసు మిల్లు చక్రం దగ్గర్నుంచి ఇటుకబట్టీ తలుపు దాకా మీ బావ గీసిన బొమ్మలన్నీ దాని డిస్కులోనే ఉన్నాయి. కిందటి నెల ఆ డిస్కు టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. అది పోతే బొమ్మలు పోతాయి. బొమ్మలు పోతే షెడ్డు పోతుంది.

కొత్త డిస్కు కోసం రమణ దుర్గ్ అంతా తిరిగాడు. ఆ రకంలో దొరికినవాటిలో చిన్నది కూడా, లోపలి చోటు లెక్కన, మా కంప్యూటరుకు మరీ పెద్దదైంది. బిగించి స్విచ్ వేస్తే తెర బిగుసుకుపోయింది. తీసేస్తే నడిచింది. పెడితే మళ్ళీ బిగుసుకుంది. రిపేరు చేసే భయ్యా వచ్చి, ఇంత పెద్ద డిస్కును ఇది గుర్తుపట్టదమ్మా, పారేయండి అని హిందీలో చెప్పి టీ తాగి వెళ్ళాడు.

"ఛోడ్ దో అమ్మా, వదిలెయ్. పాతసామాన్ల కబాడీవాడికి ఇచ్చేద్దాం. మావ కూడా అదే అన్నాడు," అన్నాడు రమణ. అలా బయటపడింది నీ ఫోను.

"మావకేటి తెల్సురా? ఆదివారం దాకా ఆగు. అప్పటికీ అవకపోతే అమ్మీసుకో, నానేటీ అనను," అన్నాను.

అన్నాను గానీ, మీ బావ పోయాక ఖాళీగా ఉన్న కుర్చీలో, ఎండకు కాలుతున్న ఆ రేకుల కింద కూర్చుంటే, ఆదివారంలోగా ఏం చెయ్యాలో నాకూ తోచలేదు.

నాకు చదువు రాదు కదా, మందుసీసాతో సహా ప్రతిదీ పార్వతి చేత చదివించుకుంటాను. చదువొచ్చినవాళ్ళు పైపైన చూసి వదిలేస్తారు. నేను చివరి అక్షరం దాకా వదలను. ఆ డిస్కు మీద అంటించిన కాగితాన్నీ చదవమన్నాను.

"కంపెనీ పేరూ, నంబర్లూ అత్తా."

"కింద ఆ సూదుల్లాటి బొమ్మలేటి?"

"ఏవో పిన్నులు అత్తా, వాటితో మనకేటి?"

"ఊరకనే అచ్చేసినారేటి? సదువు."

విసుక్కుంటూ చదివింది. చదువుతూ చదువుతూ ఆగింది. డిస్కు వెనకున్న చిన్న క్లిప్పును పక్క పిన్నుల మీదికి మారిస్తే, డిస్కు తన సైజు తగ్గించి చెబుతుందట. పాత కంప్యూటర్ల కోసమే పెట్టారట!

రమణ డిస్కు లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. పార్వతి తన తలపిన్నుతో ఆ గోరంత క్లిప్పును లాగి మార్చింది. ఈసారి తెర బిగుసుకోలేదు. పాతది కొట్టుకుంటూనే ఉంది, బొమ్మలన్నీ కొత్తదానిలోకి ఎక్కేదాకా నేను కుర్చీ దిగలేదు. మర్నాడు రైసు మిల్లు చక్రం కోశాం.

"ఇంత పెద్ద డిస్కులో కొంచెమే వాడుతోందమ్మా, బేకార్, మిగతాదంతా దండగ," అని రమణ సణిగాడు.

"మీ నాన్న బొమ్మలన్నీ పట్టినాయా, నేదా?"

"పట్టి, ఇంకా బోలెడు మిగిలింది."

"మరింకేటి నీ ఏడుపు?"

నీ మేడలో నాకోసం గాలొచ్చే పెద్ద గది ఉంచానన్నావు. నీ మనసు మంచిది తమ్ముడా, కాదనను. కానీ నాకు కావలసినంత చోటు ఈ రేకుల కింద ఉంది. ఆ గదిలో ధాన్యం పోసుకో.

ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు మెత్తళ్ళు పంపు, ఇక్కడి చేపలు మట్టివాసన. చిన్నాన్నకి నా దండాలు, ఆయన దీవెన మాకు కావాలని చెప్పు. ఇకమీదట ఫోన్ చేస్తే నాకే చెయ్యి.

ఇట్లు,
పంపితే వెళ్ళని మీ అప్ప.

కింది వేలిముద్ర నాదే. పార్వతి చేత చివరి అక్షరం దాకా చదివించుకున్నాకే వేశాను.