లేవగానే వెతికే పేరు

స్కల్పిన్ కోవ్, న్యూఫౌండ్లాండ్
మార్చి, బయట మంచు

సెయింట్ జాన్స్ లినక్స్ సంఘం పెద్దలకు వెర్నా పార్డీ వ్రాయునది,

ఇక్కడ నేను క్షేమం. లాప్‌టాప్ క్షేమం కాదు.

మా ఆయన గార్లండ్ చేపల పడవవాడు. మొన్న చలి మొదలయ్యే ముందు కాడ్ చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. లాప్‌టాప్ ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకి అది మొరాయిస్తే షాపుకి పంపాను. డిస్కు చచ్చిపోయిందని పీకి పారేసి, కొత్త ఖాళీ డిస్కు వేసి పంపారు. అంటే ఆయన తాలూకు ముక్క కూడా అందులో మిగలకూడదు కదా?

మరి రోజూ తెల్లవారుజామున, పడవలు బయల్దేరే వేళకి, మూత వేసింది వేసినట్టుండగానే అదంతట అదే లేస్తోంది. లోపల ఫ్యాను గురక పెడుతుంది. మూత ఎత్తితే నల్లటి తెర మీద తెల్లగా ఒకటే మాట: గార్లండ్.

పక్కింటి ఎఫీ పేకాటకి రావడం మానేసింది. గుమ్మంలోనే నిలబడి, "ఏమే వెర్నా, మీ ఆయన లేచాడా?" అని అడిగి, జవాబు వినకుండా పోతోంది. నాకు నిద్ర కరువైంది. లాప్‌టాప్‌ని నడిపే ఆ లినక్స్ అనేది కొత్తగా వేస్తే పాతదంతా పోతుందని మా పోస్టుమాస్టరు చెప్పాడు. ఆయన్ని అందులోంచి పంపించెయ్యండి, పుణ్యముంటుంది.

ఇట్లు,
వెర్నా పార్డీ

తా.క.: బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి తనంతట తాను ఒక్క రోజు లేవలేదు. మూడుసార్లు నేను పిలవాల్సిందే. ఇప్పుడెవరు లేపుతున్నారు?


సెయింట్ జాన్స్

గౌరవనీయులైన వెర్నా గారికి,

నా పేరు ఎమెట్ కవనా. ఈ సంఘానికి కార్యదర్శిని, కోశాధికారిని, చాలా సమావేశాలకు హాజరైన ఏకైక సభ్యుణ్ణి.

అమ్మా, దయ్యమూ లేదు, భూతమూ లేదు. లాప్‌టాప్‌లో డిస్కు ఒక్కటే కాదు, బోర్డు మీద చిన్న జ్ఞాపకం వేరే ఉంటుంది. ఫర్మ్‌వేర్ అంటాం. డిస్కు మార్చినా అది మారదు. లేవగానే యంత్రం ఎవరిని వెతకాలో ఆ పేర్ల వరస అందులో రాసి ఉంటుంది. మీవారు తన పేరు అక్కడ రాసుకున్నారు. డిస్కు పోయింది, పేరు మిగిలింది. పాపం యంత్రం రోజూ లేచి ఆయన్ని వెతికి, దొరక్క, ఆ పేరు చూపిస్తూ కూర్చుంటోంది. పొద్దున్నే లేపే అలారం కూడా అందులోనే ఉంటుంది. అదీ ఆయన పెట్టిందే.

రెండు పెన్‌డ్రైవ్‌లు పంపుతున్నాను. ఎర్రదానిలో లినక్స్ ఉంది. నల్లది ఖాళీ, మీ ఫోటోలు దాచుకోవడానికి. ఎర్రది గుచ్చి, ఆన్ చెయ్యగానే ఎఫ్2 కీ టకటకా కొడితే ఫర్మ్‌వేర్ తెరుచుకుంటుంది. ముందు సెక్యూర్ బూట్ ఆపెయ్యండి. అది కాపలావాడి లాంటిది, కొత్తవాళ్ళని లోపలికి రానివ్వదు. తర్వాత అడిగినవాటికి సమాధానాలు చెప్పుకుంటూ పోండి.

భవదీయుడు,
ఎమెట్ కవనా

తా.క.: భయపడకండి. లినక్స్‌లో ప్రింటర్లే పనిచెయ్యవు, దయ్యాలేం పనిచేస్తాయి!


స్కల్పిన్ కోవ్

చిరంజీవి ఎమెట్‌కి ఆశీస్సులు,

నీకు నలభై దాటాయో లేదో నాకు తెలియదు గాని, నీ ఉత్తరం చదివాక చిరంజీవి అనే అనబుద్ధేసింది.

ఎఫ్2 కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. నువ్వు చెప్పలేదే! పెళ్ళిరోజు కొట్టాను, కాదంది. పడవ పేరు కొట్టాను, కాదంది. ఒళ్ళు మండి, "లే గార్లండ్, లే!" అని ఆ పెట్టె మీద అరిచాను. అరిచాక, ఇన్నేళ్ళూ ఆయన దుప్పటి కిందనుంచి చెప్పిన జవాబే నా వేళ్ళకి వచ్చేసింది. "ఇంకో ఐదు నిమిషాలు" అని కొట్టాను.

తెరుచుకుంది నాయనా. నా చేతిలో టీ ఒలికిపోయింది.

కాపలావాణ్ణి పంపించేశాను. తర్వాత యంత్రం పేరేమిటని అడిగింది. ఇంకెవరి పేరు పెడతాను, గార్లండ్ అనే పెట్టాను. అంతా అయ్యాక ఎర్రదీ నల్లదీ పీకేస్తే తెర నల్లబడింది. నల్లది గుచ్చితేనే పనిచేస్తోంది. పైగా ఆ వరసలో ఇప్పుడు గార్లండ్‌లు ఇద్దరయ్యారు! ఒక్కడితో వేగడానికే నా తల ప్రాణం తోకకి వచ్చింది. పొద్దున్నే లేవడం మాత్రం తప్పలేదు.

ఇట్లు,
వెర్నా

తా.క.: ఎఫీ ఇవాళ గుమ్మం దాకా కూడా రాలేదు. కిటికీలోంచి, "ఇద్దరూ లేచారా?" అని అడిగింది.


సెయింట్ జాన్స్

వెర్నా గారికి,

మీరు లినక్స్‌ని లాప్‌టాప్‌లో వెయ్యలేదు, ఖాళీ పెన్‌డ్రైవ్‌లో వేశారు! ఎందులో వెయ్యాలని అది స్పష్టంగా అడుగుతుంది. మీరు డిస్కును ఎంచుకోవాలి. ఎందుకు ఎంచుకోలేదో నాకు అంతుపట్టడం లేదు.

సరే, ఇక మొహమాటం లేదు. మొత్తం మరిపించేద్దాం. లాప్‌టాప్‌ని బోర్లా తిప్పండి. అడుగు మూత మరలు విప్పి, దాన్ని తీసి వెల్లకిలా పక్కన పెట్టండి. లోపల బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. ఫర్మ్‌వేర్ జ్ఞాపకమంతా దాని దయే మీ మోడల్లో. పెద్ద బ్యాటరీ తీగ ముందు, బిళ్ళ తర్వాత పీకి, రాత్రంతా అలా వదిలెయ్యండి. గార్లండ్ గారు శాశ్వతంగా వెళ్ళిపోతారు. పెన్‌డ్రైవ్‌లు తిరిగి పంపండి, నేనే సరిగ్గా చేసి ఇస్తాను.

భవదీయుడు,
ఎమెట్ కవనా

తా.క.: ఎఫీ గారికి నా మాటగా చెప్పండి, ఇది శాస్త్రం.


స్కల్పిన్ కోవ్

ఎమెట్‌కి,

నువ్వు పట్నంవాడివి కాబట్టి ఊరుకుంటున్నాను. పడవవాళ్ళ ఇంట్లో మూత తీసి వెల్లకిలా పెట్టమంటావా? పడవలో చేపలు వేసే గిడ్డంగి మూత తిరగబడితే పడవ తిరగబడుతుందని మా దగ్గర పిల్లలకి కూడా తెలుసు. ఆఖరి రోజు సాయానికి వచ్చిన మా మరిది ఆ మూత కడిగి ఆరడానికి వెల్లకిలా పెట్టాడు. నేను రేవులో నిలబడి చూశాను, అరిచాను. అప్పటికే తాడు విప్పి ఆయన ఒక్కడే వెళ్ళిపోయాడు.

డిస్కు ఎందుకు ఎంచుకోలేదని అడిగావు. "ఇందులో ఉన్నదంతా తుడిచేస్తాను, సరేనా?" అని అడిగింది. కొత్తదే, ఖాళీదే, నాకు తెలుసు. అయినా సరే అనలేకపోయాను. అందుకే నీ నల్లది చూపించాను.

అయినా నీ మాట విన్నాను. తిప్పలేదు. చేపని కోసేటప్పుడు పట్టుకున్నట్టు పక్కకి నిలబెట్టి, మరలు విప్పి, ఆ మూతని నిలువుగానే గోడకి ఆనించాను. బిళ్ళ పీకాను.

మర్నాడు ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. కళ్ళు తెరిచేసరికి ఎండ మంచం మీదకి వచ్చేసింది. పొయ్యి చల్లగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. నా మోకాళ్ళకి తెల్లవారుజాము చలి పనికిరాదని నర్సమ్మ చెప్పిన వారమే ఆయన ఆ పెట్టెతో ఏదో కుస్తీ పట్టాడు. ఏం చేస్తున్నావంటే, "నీకెందుకు, పడుకో" అన్నాడు. నేను లేవక్కర్లేకుండా పెట్టుకున్న అలారం నాయనా అది. దాన్ని నా చేత్తో పీకాను.

పంపించెయ్యమని అడిగింది నేనే, పంపించేశావు. ఇప్పుడు ఇల్లు మరీ ఖాళీ అయిపోయింది. మళ్ళీ పెట్టగలవా?

ఇట్లు,
వెర్నా

తా.క.: పెన్‌డ్రైవ్‌లు పంపుతున్నాను. బిళ్ళ పంపను. అది ఆయన టోపీలో ఉంది.


సెయింట్ జాన్స్

అమ్మా వెర్నా గారూ,

ఈ ఉత్తరం రాయలేక నాలుగు కాగితాలు చించేశాను. నన్ను క్షమించండి అనే మాట ముందు చెప్పుకుంటున్నాను.

నల్లదాన్ని తుడుద్దామని నా లాప్‌టాప్‌కి గుచ్చాను. నా పేర్ల వరసలో గార్లండ్ అని వచ్చింది. నవ్వుకున్నాను. మీరు పెట్టిన పేరే కదా, రావడం సహజం. పీకేసి సొరుగులో పెట్టి పడుకున్నాను.

తెల్లవారకముందే గురక వినిపించింది. ఈ ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. వెళ్ళి చూస్తే నా లాప్‌టాప్ మూత వేసి ఉండగానే లేచి ఉంది. మూత ఎత్తితే తెర మీద తెల్లగా గార్లండ్ అని ఉంది. దీనికీ ఒక కారణం ఉండి తీరాలని అలారం చూడబోయాను. ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ అడిగింది. అమ్మా, నా యంత్రానికి నేను ఎప్పుడూ పాస్‌వర్డ్ పెట్టలేదు.

ఏం కొట్టానో మీకు తెలుసు. తెరుచుకుంది. లోపల అలారం లేదు.

అప్పట్నుంచి రోజూ అంతే. శాస్త్రం సంగతి నాకు వదిలెయ్యండి, దానితో నేను తర్వాత పోట్లాడుకుంటాను. ప్రస్తుతం పొద్దున్నే లేచి రెండు కప్పులు టీ పెడుతున్నాను. ఆయనకి పంచదార వేస్తారో లేదో తెలియక పక్కన పెడుతున్నాను.

గాలి తగ్గగానే పడవ ఎక్కుతున్నాను. ఈ లాప్‌టాప్ ఇక మీది. ఒళ్ళో పెట్టుకుని తెస్తాను, మూత పైకే ఉంటుంది, దారిపొడుగునా ఒక్కసారి కూడా తిరగబడనివ్వను. పొయ్యి వెలిగించి ఉంచండి. ఎఫీ గారిని కూడా పిలవండి, నాకు పేకాట వచ్చు.

మీ
ఎమెట్

తా.క.: రాత్రి ధైర్యం చేసి, ఆ వరసలోంచి గార్లండ్ పేరు నేనే తీసేశాను. చూద్దామనిపించింది, తప్పే. పొద్దున్న మళ్ళీ లేచాడు. వరసలో ఇప్పుడు గార్లండ్ లేదు, నా లినక్స్ లేదు, ఏమీ లేదు. లేవగానే వెతకాల్సిన పేరు ఒక్కటే ఉంది: వెర్నా.